పుష్పలీల స్కోపు

పుష్పలీల గురించి ఎవరైనా మంచిగా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. చెడ్డగా మాట్లాడినా మండుతుంది. లండన్ ఈస్ట్ హామ్‌లో ఒకే ఇంట్లో, కింద మేము, పైన వాళ్ళు, ఏడేళ్ళు కలిసి బతికాం కాబట్టి ఆ మండే హక్కు నాకుందని అనుకుంటాను. రెండు వీధుల అవతల ఉన్న జీపీ సర్జరీలో, అంటే పేట డాక్టరు క్లినిక్‌లో, నేను రిసెప్షనిస్టును. పొద్దున ఎనిమిదింటికి ఫోనెత్తి, ఈ రోజుకి అపాయింట్‌మెంట్లు అయిపోయాయని జనానికి చెప్పడం నా ఉద్యోగం. ఎవరి పని ఎంతవరకో గీత గీసి చెప్పడం నాకు కొత్త కాదు. అయినా పుష్పలీల విషయంలో ఆ గీత చేసిన పని నాకు ఇప్పటికీ అరగలేదు.

ఆమెది హన్మకొండ. హైదరాబాదులో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో, ఆపరేషన్ థియేటర్లో పదమూడేళ్ళు చేసింది. అక్కడి మత్తు డాక్టరుకు ఒకే రోజు మూడు ఆసుపత్రుల్లో కేసులుండేవి. స్కూటరు మీద వచ్చి, పేషెంటు నడుంలో సూది గుచ్చి, "పుష్పా, చూసుకో" అని వెళ్ళిపోయేవాడు. ఆమె చూసుకునేది. బీపీ తగ్గితే లేపేది, నొప్పి లేస్తే మందు పెంచేది, ఊపిరి ఆడకపోతే మాస్కు పట్టుకుని కూర్చునేది. పోనుపోను సూది కూడా ఆమే గుచ్చేది. అక్కడైనా అది తప్పే. కాని అడిగే దిక్కు లేదు, అడక్కపోవడం వల్ల బాగుపడినవాళ్ళు చాలామంది. వెన్నుపూసల మధ్య సందు ఎక్కడుందో కళ్ళు మూసుకుని వేలితో తడిమి చెప్పేది. ఒకసారి మా వంటింట్లో నేను నడుం పట్టుకుని మూలుగుతుంటే వెనక నుంచి వచ్చి బొటనవేలు ఒకచోట ఆనించి, "ఈడనే కదా అక్కా" అంది. సరిగ్గా అక్కడే.

రెండువేల ఒకటిలో, ఈ దేశం నర్సులు కావాలని ఊరూరా వెతుక్కున్నప్పుడు, ఆమె వచ్చింది. ముందు ఆర్నెల్లు ఒక వృద్ధుల హోంలో ముసలివాళ్ళ ఒళ్ళు తుడిచింది. ఆ తరవాత పిన్ వచ్చింది. పిన్ అంటే నర్సుల రిజిస్టర్లో ఆమె పేరు ఎదుట ఉండే నంబరు. అది ఉంటేనే నర్సు. అది పోతే వర్క్ పర్మిట్ పోతుంది, వర్క్ పర్మిట్ పోతే ఇంటిల్లిపాదీ విమానం ఎక్కాలి. ఇంటిల్లిపాది అంటే గోదాములో పెట్టెలు సర్దే భర్త అమరేందర్, ఆర్నెల్లకే లండన్ యాసలో అమ్మను దిద్దడం మొదలుపెట్టిన కూతురు కిరణ్మయి. ఆ పిన్ కార్డును పుష్పలీల పర్సులో పెట్టుకోలేదు. దేవుడి అలమారలో యాదగిరిగుట్ట నరసింహస్వామి పటం వెనక పెట్టింది. రోజూ స్వామికి పెట్టిన దండం దానికీ చేరేది.

రెండేళ్ళు ఇక్కడి ఆసుపత్రి థియేటర్లో చేశాక, అక్కడే పెయిన్ టీంలో ఖాళీ వచ్చింది. ఆపరేషనైన పేషెంట్లకు వెన్నులో సన్నటి గొట్టం పెట్టి, ఒక పంపు ద్వారా మందు కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. దాన్ని ఎపిడ్యూరల్ అంటారు. పెయిన్ నర్సు వార్డు వార్డూ తిరిగి ఆ పంపులు చూడాలి, నొప్పి ఎంతుందో సున్నా నుంచి పదిలోపు ఒక అంకె అడిగి రాసుకోవాలి. ఇది నాకోసమే పుట్టిన ఉద్యోగం అక్కా, అంది పుష్పలీల. ఇంటర్వ్యూలో మేనేజరు ఆమెను అడిగిన ఆఖరి ప్రశ్న, "నీ స్కోప్ నీకు బాగా తెలుసా?" అని.

మనవాళ్ళు ఆ మాట ఎందుకు వాడతారో మీకు తెలుసు. కంప్యూటర్లకి స్కోపుంది, బీయస్సీకి స్కోపు లేదు, ఆ సంబంధం చేసుకుంటే పిల్లకి స్కోపుంది. పుష్పలీల నిటారుగా కూర్చుని, "తెలుసు మేడం. ఈ డిపార్ట్‌మెంట్లో చాలా మంచి స్కోపుంది, అందుకే అప్లై చేశాను" అని చెప్పింది. మేనేజరు ఒక్క క్షణం చూసి, నవ్వి, కాగితం మీద ఏదో రాసుకుందట. ఉద్యోగం వచ్చింది. మొదటి వారం శిక్షణలో ఆ మాటకు ఇక్కడి అర్థం ఏమిటో తెలిసి ఇంటికొచ్చి చెబితే, ఇద్దరం టీ గ్లాసులు పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. అలా నవ్వినందుకు నాకిప్పుడు సిగ్గుగా ఉంది.

ఇక్కడ స్కోప్ అంటే ఎంతవరకు చెయ్యవచ్చో చెప్పే గీత. ఈ దేశంలో మత్తు ఇవ్వడం డాక్టరు పని, నర్సు పని కాదు. వెన్నులో గొట్టం పెట్టేది డాక్టరు. ఏ మందు, గంటకు ఎంత నుంచి ఎంత వరకు, అదీ డాక్టరే రాయాలి. ఆ రాసిన రెండంకెల మధ్య నర్సు పంపును పెంచవచ్చు, తగ్గించవచ్చు. ప్రమాదం అనిపిస్తే ఆపవచ్చు. రాసినదానికి మించి ఒక్క చుక్క ఇవ్వాలన్నా డాక్టరు వచ్చి సంతకం పెట్టాలి. ఆ పని చేతనైనా కాకపోయినా ఒకటే లెక్క. ఇందులో అన్యాయమేమీ లేదు. చేతకానివాళ్ళ చేతుల నుంచి జనాన్ని కాపాడటానికే ఆ గీత పుట్టింది. అయితే అది చేతనైనవాళ్ళ చేతులను కూడా అదే కొలతతో కొలుస్తుంది.

రెండువేల నాలుగు నవంబరులో ఒక రిటైరైన బస్ డ్రైవరుకు ఊపిరితిత్తి ఆపరేషను జరిగింది. మర్నాడు మధ్యాహ్నం ఆయనకు నొప్పి ముదిరింది. పంపు అప్పటికే రాసిన పై అంకె మీద నడుస్తోంది. పుష్పలీల డాక్టరుకి బ్లీప్ కొట్టింది, అంటే అతని జేబులోని పేజరు మోగించింది. ఫోను చేసి, థియేటర్లో ఉన్నాను, వస్తానన్నాడు. రాలేదు. మళ్ళీ కొట్టింది. యాభై నిమిషాలు గడిచాయి. ఆయన దగ్గలేకపోతున్నాడు, ఊపిరి పీల్చుకోలేకపోతున్నాడు, దుప్పటి కొరుకుతున్నాడు. పక్క మంచాలవాళ్ళు తెరలు లాక్కున్నారు. పుష్పలీల హైదరాబాదులో వెయ్యిసార్లు చేసిన పని చేసింది. ఆ గొట్టంలోకి అదే మందు ఇంకో ఐదు మిల్లీలీటర్లు ఇచ్చి, అరగంట పక్కనే నిలబడి బీపీ చూసింది. పది నిమిషాల్లో నొప్పి తగ్గింది. పెద్దాయన ఆమె చెయ్యి పట్టుకుని, తల్లీ అన్నట్టుగా ఏదో అని, నిద్రపోయాడు.

అంతటితో ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆమె చార్టు తీసి, ఎంత ఇచ్చిందో, ఎన్నింటికి ఇచ్చిందో, గొట్టం బహుశా ఒక పక్కకు జరిగి ఉంటుందని కూడా రాసి, కింద సంతకం పెట్టింది. దాచడం అనేది ఆమెకు తట్టలేదు. ఆ సంతకమే ఆమెను పట్టించింది.

నాలుగు నెలలు విచారణ నడిచింది. ఆ నాలుగు నెలలూ ఆమెను పెయిన్ టీం నుంచి తీసి, వెయిటింగ్ లిస్టుల ఆఫీసులో ఫైళ్ళు సర్దమన్నారు. ఆఖరి రోజు మేనేజరు ఆమెను సౌమ్యంగానే అడిగింది, మళ్ళీ అలాంటి పరిస్థితే వస్తే ఏం చేస్తావని. యూనియన్ మనిషి బల్ల కింద కాలు తొక్కాడట. అయినా పుష్పలీల, "ఆయనకు నొప్పిగా ఉంది మేడం" అంది. అది తప్పు జవాబు. ఆ జవాబుకు ఫైనల్ వార్నింగ్ వచ్చింది. రెండేళ్ళపాటు అది ఫైలులో ఉంటుంది. ఇంకొక్కసారి గీత దాటితే ఉద్యోగం పోవడమే కాదు, నర్సుల కౌన్సిల్‌కి రాస్తారు. అంటే పిన్ పోతుంది.

ఇంకో మాట కూడా చెప్పారు. గొట్టం జరిగి ఉంటుందని నువ్వు ఎలా రాశావు అన్నారు. ఫలానా అయిందని పేరు పెట్టడం డాక్టరు పని. నువ్వు చూసినది చెప్పు, అనుకున్నది చెప్పకు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆ సాయంత్రం ఆమె నేరుగా మా వంటింట్లోకి వచ్చి, కోటు కూడా విప్పకుండా కూర్చుంది.

"నేనేం తప్పు చేసిన అక్కా? మనిషి ఒర్రుతుంటే చూస్కుంట నిలబడాల్నా?"

"నిలబడాల" అన్నాను నేను. మాది ఆదోని పక్క, మెత్తగా చెప్పడం మాకు రాదు. "ఇంగ ఎవురేడ్చినా నువ్వు చేతులు జోబులో పెట్టుకోని నిలబడు పుష్పా. ఆ డ్రైవరు వచ్చి నీ బిడ్డ స్కూలు చూస్తాడా? ముందు నీ పిన్ను చూసుకో."

ఆమె లేచి నిలబడి, "సరే అక్కా" అంది. నా మాటలు ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు నా జన్మలో మరొకరు లేరు.

మర్నాడు మళ్ళీ పెయిన్ టీంలో చేరింది. అప్పటి నుంచి పుష్పలీల వేరే మనిషి. తను చెయ్యగలిగినవి, చెయ్యకూడనివి ఒక కార్డు మీద రాసి, ప్లాస్టిక్ తొడుగు వేయించి, యూనిఫాం జేబులో పెట్టుకుంది. బ్లీప్ కొట్టిన ప్రతిసారీ టైం రాసేది. ఎవరు ఎత్తారో, ఏమన్నారో రాసేది. పేషెంటు కేకలు పెడుతుంటే ఆ కేకల అంకె రాసేది. వార్డులో ఆమెను ఇప్పుడు అందరూ మెచ్చుకునేవారు. ఇంట్లో నా నడుం మళ్ళీ పట్టేసి, కాస్త చూడవే అంటే, చేతులు వెనక్కి పెట్టుకుని, "జీపీకి చూపించుకో అక్కా" అంది. నేను జీపీ దగ్గరే పనిచేస్తానని ఆమెకు తెలియదా? ఆ రోజు నాకు కోపం వచ్చింది. భయపడి ఉండాల్సింది.

ఇక నాగేశ్వరి గారి సంగతి. ఆవిడది భీమవరం పక్క పల్లె. భర్త పోయాక కొడుకు రఘు దగ్గరికి వచ్చేసి, ఈస్ట్ హామ్‌లోనే ఉంటోంది. అరవై ఎనిమిదేళ్ళు. ఇంగ్లీషులో థాంక్యూ ఒక్కటే వచ్చు. ప్రతి ఉదయం పార్కు చుట్టూ చీర మీద స్వెట్టరు వేసుకుని నాలుగు చుట్లు నడిచేది. మా సర్జరీకి వస్తే కుర్చీలో కూర్చునేది కాదు, నిలబడే కబుర్లు చెప్పేది. పేగులో గడ్డ ఉందని తేలి, రెండువేల ఆరు జనవరిలో ఆపరేషన్ చేశారు. వెన్నులో ఎపిడ్యూరల్ గొట్టం పెట్టారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక ఇంజెక్షనూ ఇచ్చారు. అది అందరికీ ఇచ్చేదే.

మూడోరోజు ఆదివారం. పొద్దున పదింటికి వార్డు నర్సు మంచం దగ్గరికి వచ్చేసరికి రఘు కూతురు హాసిని ఉంది. పదిహేడేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో చెబుతుంది. నాయనమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని, "కాలు పడిపోయిందే తల్లీ, ఆవిడకి చెప్పు" అంది.

హాసిని చెప్పింది. కాలు అంటే ఏమిటో ఆ పిల్లకు తెలుసు, పడిపోవడమంటే ఏమిటో తెలుసు. రెండూ కలిస్తే ఏమవుతుందో ఎవరూ నేర్పలేదు. నాయనమ్మ కాలు కింద పడిందట, అని ఇంగ్లీషులో చెప్పింది. నర్సు దుప్పటి ఎత్తి చూసింది. కాళ్ళు రెండూ మంచం మీదే, చక్కగా ఉన్నాయి. మళ్ళీ జారకుండా పక్కన దిండు పెట్టి, మంచానికి అడ్డకమ్మి లేపి, నోట్సులో రాసింది: కాలు మంచం మీద నుంచి జారింది, సర్దాము, పేషెంటు సౌకర్యంగా ఉంది.

పన్నెండుంపావుకు పుష్పలీల రౌండుకు వచ్చింది. ఆమె పేరు బ్యాడ్జీ చూసి హాసిని, మా నాయనమ్మకు తెలుగు మాట్లాడేవాళ్ళు దొరికారని సంతోషపడింది. నాగేశ్వరి గారు అయితే దేవుడు దిగొచ్చినట్టే చూసింది.

"అమ్మాయ్, తెలుగుదానివా? బతికించావ్. పొద్దుటి నుంచి మొత్తుకుంటన్నాను, ఒక్కరికీ అర్థం కావట్లేదు. కాలు పడిపోయిందమ్మా. ముందు కుడిది. ఇప్పుడు రెండూనూ. నడుంలో కత్తి పెట్టి తిప్పినట్టుంది."

పుష్పలీలకు ఆ ఒక్క మాటతో అంతా అర్థమైంది. కాళ్ళు ఎత్తమంది. కదల్లేదు. బొటనవేలు ఆడించమంది. ఆడలేదు. పంపు చూసింది. గంటకు చాలా తక్కువ మందు వెళ్తోంది, అంత తక్కువ మందుకు రెండు కాళ్ళూ అలా చచ్చుబడవు. వెన్నులో గొట్టం చుట్టూ రక్తం గడ్డకట్టి నరాలను నొక్కుతోంది. హైదరాబాదులో ఇలాంటిది ఒకటి చూసింది. తొందరగా కనిపెట్టి, గంటల్లో ఆ గడ్డను తీసేస్తే కాళ్ళు వస్తాయి. ఆలస్యమైతే రావు. ఇది ఆమె అనుకున్నది కాదు, ఆమెకు తెలిసినది.

కార్డులో రాసినట్టు పంపు ఆపింది. అది ఆమె గీత లోపలి పని. తరవాత మత్తు డాక్టరుకు బ్లీప్ కొట్టింది. అతను ఒక ఎమర్జెన్సీ ఆపరేషన్‌లో ఉన్నాడు. ఫోను ఎత్తిన థియేటర్ నర్సు, విషయం చెప్పు, అందిస్తానంది.

పుష్పలీల నోటిదాకా వచ్చింది. వెన్నులో రక్తం గడ్డ కట్టింది, వెంటనే స్కాన్ తియ్యాలి. ఆ ఒక్క వాక్యం చెబితే ఆ డాక్టరు చేతిలో పని ఇంకొకరికి అప్పగించి పరుగెత్తుకొచ్చేవాడు, లేదా ఇంటి దగ్గరున్న పెద్ద డాక్టరును పిలిపించేవాడు. కాని అది పేరు పెట్టడం. చూసినది చెప్పు, అనుకున్నది చెప్పకు. ఆమె కార్డు మీదున్న అంకె చెప్పింది. "మోటార్ బ్లాక్, స్కోరు మూడు. పంపు ఆపాను. వచ్చి చూడండి." కాళ్ళు బొత్తిగా కదలడం లేదని దానర్థం, మందు కాస్త ఎక్కువైనా ఆ స్కోరే వస్తుంది. మందు ఎక్కువై ఉంటుంది, దిగేదాకా ఆగి చూడమని లోపలి నుంచి జవాబొచ్చింది. ఆమె టైంతో సహా రాసుకుంది.

ఒంటిగంటకు మళ్ళీ కొట్టింది. ఒకటిన్నరకు మళ్ళీ. రెండూ పదికి మళ్ళీ. ప్రతిసారీ అదే అంకె చెప్పింది. స్కాన్ రాసే అధికారం నర్సుకు లేదు. పెద్ద డాక్టరుకు నేరుగా ఫోన్ చెయ్యడం తప్పని కార్డులో లేదు, చెయ్యవచ్చని కూడా లేదు. లేదు కాబట్టి చెయ్యలేదు. వార్డు నర్సు రాసిన జారిన కాలు వాక్యం చదివింది. ఆ మాటకు అసలు అర్థం ఇదీ అని పక్కన రాయబోయి ఆగింది. సిబ్బంది దుబాసీ పని చెయ్యకూడదని అక్కడ ఇంకో నియమం ఉంది, సోమవారానికి దుబాసీని బుక్ చేశారు. అంకెలే రాసింది. ప్రతి పావుగంటకూ వచ్చి కాళ్ళు చూసి వెళ్ళింది.

వచ్చినప్పుడల్లా నాగేశ్వరి గారు అడిగేది. "వస్తాయంటావా అమ్మా కాళ్ళు? ఏవైందో చెప్పవే. మనదానివి, నువ్వైనా చెప్పు."

"డాక్టర్‌గారు వచ్చి చెప్తారమ్మా."

"నీకు తెలీదా?"

"డాక్టర్‌గారే చెప్పాలమ్మా."

డాక్టరు మూడున్నర దాటాక వచ్చాడు. కాళ్ళు చూశాడు, నడుం నొప్పి గురించి అడిగాడు, నోట్సు చదివాడు, ముఖం పాలిపోయింది. ఎందుకు చెప్పలేదు అని అడగబోయి, అన్నిసార్లు బ్లీప్ కొట్టిన టైములు చూసి నోరు మూసుకున్నాడు. స్కాన్‌కి సాయంత్రమైంది. గడ్డ ఆమె అనుకున్న చోటే ఉంది. వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళి ఆపరేషన్ చేసేసరికి ఆ కాళ్ళకు వేళ మించిపోయింది. నాగేశ్వరి గారు ఆ తరవాత ఎప్పుడూ నిలబడలేదు.

రఘు ఫిర్యాదు చేశాడు. విచారణ మళ్ళీ నాలుగు నెలలు. పుష్పలీల అన్నం మానేసింది. పటం వెనక నుంచి కార్డు తీసి చూసి మళ్ళీ పెట్టేది. కిరణ్మయికి అప్పటికి పరీక్షలు, అమరేందర్ ఆ పిల్ల ముందు మాట్లాడటం మానేశాడు. నేను నా వంతుగా పైకి సాంబారు పంపాను.

మే నెలలో ఉత్తరం వచ్చింది. ఆమె చదవలేక కిందికి తెచ్చి నా చేతికిచ్చింది. వార్డు నర్సుకు, డాక్టరుకు నేర్చుకోవాల్సిన పాఠాలున్నాయట. పేషెంట్లకు కుటుంబ సభ్యుల చేత తర్జుమా చేయించకూడదట. రఘు కుటుంబానికి ఆసుపత్రి క్షమాపణ చెబుతుందట. నర్సు పుష్పలీల మాత్రం అన్ని వేళలా తన స్కోప్ లోపలే పనిచేసిందట. ఆమె రాసిన నోట్సు ఆదర్శప్రాయమట. ఆ నోట్సు జిరాక్సు తీసి, పేర్లకు మసి పూసి, కొత్త నర్సులకు పాఠంగా చెప్పడానికి ఆమె అనుమతి అడిగారు.

అమరేందర్ ఆ సాయంత్రం మిఠాయి డబ్బా తెచ్చి ఇల్లంతా పంచాడు. పిన్ దక్కింది కదా. నేనూ ఒకటి తిన్నాను. తిని, చేతులు కడుక్కుని పైకి వెళ్ళాను. పుష్పలీల మంచం అంచున కూర్చుని ఉంది. నా నోరు ఊరుకోదు.

"ఒక్క మాట పుష్పా. గడ్డ అని ఒక్క మాట చెప్పింటే ఏమైతాండె?"

ఆమె తలెత్తలేదు. "నువ్వే చెప్పినవ్ కద అక్కా, చేతులు జేబుల పెట్టుకొమ్మని. నేను నోరు గూడ పెట్టుకున్న."

ఆవిడ కాళ్ళు తీసింది ఎవరని నన్నడిగితే, గీత గీసినవాళ్ళ పేరు, బ్లీప్‌కి రాని డాక్టరు పేరు గబగబా చెబుతాను. నా పేరు దగ్గర నత్తి వస్తుంది. పుష్పలీల పేరు దగ్గర, నిజం చెప్పాలంటే, అసహ్యం వస్తుంది, ఆ వెంటనే జాలి వస్తుంది, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

మరుసటి ఏడు ఆమెకు ప్రమోషన్ ఇచ్చారు. పెయిన్ టీంలో సీనియర్ నర్సు. కొత్తగా వచ్చిన పిల్లలకు స్కోప్ మీద క్లాసు ఆమే చెబుతుంది. మన అర్థంలో కూడా ఆ డిపార్ట్‌మెంట్లో మంచి స్కోపే ఉందని తేలింది. ఈ మాట నేను ఆమె ముందు అనలేదు.

రెండువేల ఎనిమిది ఏప్రిల్‌లో ఒక శనివారం మధ్యాహ్నం ఇద్దరం కూరగాయలకు హై స్ట్రీట్ మీది కొట్టుకు వెళ్ళాం. కరివేపాకు పెట్టెల పక్కన చక్రాల కుర్చీలో నాగేశ్వరి గారు ఉంది. కాళ్ళ మీద దుప్పటి, ఒళ్ళో మునక్కాడలు. వెనక హాసిని. ఆ పిల్ల మమ్మల్ని చూసి తల తిప్పుకుంది. తను తప్పు చెప్పిందని ఎవరూ ఆ పిల్లను అనలేదు, కాని ఇంట్లో తెలుగు వినబడితే గదిలోకి వెళ్ళిపోతోందని రఘు ఒకసారి సర్జరీలో అన్నాడు.

పెద్దావిడ మాత్రం పుష్పలీలను గుర్తుపట్టి రెండు చేతులూ చాచింది. పుష్పలీల దగ్గరికి వెళ్ళక తప్పలేదు.

"ఈ పిల్లే" అని నాతో చెప్పింది నాగేశ్వరి గారు. "ఆ రోజు ఒక్కత్తే నా దగ్గరికి వచ్చింది. పావుగంటకోసారి వచ్చి చూసి వెళ్ళేది. కన్నకూతురు కూడా అలా చూడదమ్మా. నేను రోజూ దీనికి దండం పెట్టుకుంటాను."

పుష్పలీల చెయ్యి ఆవిడ చేతుల్లో ఉండిపోయింది. వెనక్కి లాక్కోలేదు. ఆవిడ గొంతు తగ్గించింది.

"అమ్మాయ్, నువ్వు ఈ పని తెలిసినదానివి. నిజం చెప్పు. నా కాళ్ళకి ఇంకేవన్నా స్కోపుందంటావా?"

కొట్టులో రేడియో మోగుతోంది. ఎవరో ఉల్లిపాయలు ఏరుతున్నారు. ఆ మాట విని పుష్పలీల ముఖంలో కదిలినదాన్ని నేను చూశాను, హాసిని చూడలేదు, పెద్దావిడకు కళ్ళు సరిగా ఆనవు. అక్కడ యూనిఫాం లేదు. డ్యూటీ లేదు. జేబులో కార్డు లేదు. లేదు అనే రెండక్షరాలు తెలుగులో చెబితే చాలు. ఆ ముసలావిడ రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నది మానేసి కాస్త స్థిమితపడేది.

"డాక్టర్‌గారిని అడగండమ్మా" అంది పుష్పలీల. "ఆయన చెప్తారు."

"అడిగామమ్మా. ఆయన ఇంగ్లీషులో చెప్పాడు. ఇది తర్జుమా చెయ్యనంటుంది." మనవరాలి వైపు చూపించింది. "నువ్వైతే తెలుగులో చెబుతావని."

పుష్పలీల చెయ్యి మెల్లగా విడిపించుకుని, దుప్పటి కాస్త జారితే సర్దింది. నెల తరవాత క్లినిక్కు ఉంటుంది, అప్పుడు దుబాసీని బుక్ చెయ్యమని అడగండి, మీకు ఆ హక్కుంది అని, క్లాసులో చెప్పే గొంతుతో చెప్పింది. నాగేశ్వరి గారు సరేనమ్మా అంది. వచ్చిన ఒక్క ఇంగ్లీషు మాటా వాడి, థాంక్యూ అంది.

ఇంటికి నడుస్తూ సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది పుష్పలీల. మా వీధి మలుపు దగ్గర ఆగింది.

"నా వార్నింగ్ ఫైలుకెళ్ళి తీసేసిన్రు అక్కా. పోయినేడు మార్చిలనే."

అంటే ఆమెను ఆపేవాళ్ళు ఏడాదిగా ఎవరూ లేరు. నేను తలుపు తాళం తీశాను. ఆమె మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.